తాత చూడని చింతపండు

తమిళనాడు ధర్మపురిలో, బస్టాండు వెనక సందులో ఒక కిరాణా కొట్టు ముందు మా తాత వేలాడుతున్నాడు. ఒక్కడు కాదు, పన్నెండు మంది తాతలు, ఒకరి కింద ఒకరు, షాంపూ పొట్లాల దండకూ వక్కపొడి దండకూ మధ్యన. అందరూ ఒకేలా నవ్వుతున్నారు. మా తాత బతికున్న రోజుల్లో అలా నవ్వింది లేదు. ఆ నవ్వు నేను కంప్యూటర్లో పెట్టింది. పెదవి కొసను మౌసుతో పట్టుకొని కాస్త పైకి లాగాను. తొంభై మూడేళ్ల పెదవి ఒక్క లాగుకు లేచి వచ్చింది. ప్యాకెట్టు లోపల చింతపండు ఎండకు చెమర్చి ఆయన గడ్డం దగ్గర జిడ్డులా అంటుకుంది. ఒక ఈగ ఆయన నుదుటి మీద కూర్చొని, బంతిలో కూర్చున్న పెళ్లివారిలా, చేతులు రుద్దుకుంటోంది.

మొహం తిప్పుకున్నాను. కొత్తేమీ కాదు. తాత పోయి ఏడాది కావస్తోంది; ఈ ఏడాదిగా ఈ ఊళ్లో ఏ కొట్టు ముందు నుంచి నడిచినా ఇదే అవస్థ. చింతపండు చూస్తే నోరూరడం లోకధర్మం. నాకు మాత్రం వాంతి వస్తుంది. 'చింత' మీద ఇక్కడ ఒక శ్లేష వేయాలని నాలుక దురద పెడుతోంది గానీ, ఆ శ్లేష మా ఇంట్లో తాత ఎప్పుడో నిషేధించాడు. బాగా పులిసిపోయిందట.

మా తాత యూదుడు. ఈ మాట ధర్మపురిలో చెబితే, "అట్లంటే ఏ జాతి, బీసీయా ఎంబీసీయా?" అని అడుగుతారు. చిన్నప్పుడు బడిలో నన్నూ అడిగారు. ఇంటికొచ్చి తాతను అడిగితే, "మన ఊర్లో నేనొక్కడే ఉండాను. ఒక్కడు ఉంటే జాతి గాదు, వింత" అన్నాడు.

ఇరవై ఏళ్ల వయసులో కొచ్చి నుంచి వచ్చాడు. అక్కడి ఒక వ్యాపారికి ఈ వైపు చింతపండు కొని పంపడం పని, అదీ ఒక్క కాపుకే. సోగత్తూరులో మా అవ్వ వాళ్ల నాయన ఇంటి ముందు గదిలో అద్దెకు దిగాడు. వాళ్లు ఎన్నో తరాలుగా ఇక్కడ మెట్ట సేద్యం చేస్తున్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, శనివారం పెరుమాళ్లు. ఆ ఇంట్లో శనివారం మాంసం ముట్టరు. కొత్తగా వచ్చిన ఈ మలయాళం కుర్రవాడు శనివారం పొయ్యే ముట్టడు. బేరం చేయడు, బస్సెక్కడు. తల మీద చిన్న టోపీ పెట్టుకొని, తెల్లబట్ట కప్పుకొని, కుడి నుంచి ఎడమకు చదివే పుస్తకం ముందేసుకొని ఊగుతూ ఉంటాడు. అవ్వ వాళ్ల నాయన మూడు శనివారాలు కిటికీలోంచి చూసి తేల్చేశాడు.

"మనదంతా పేరుకే భక్తి. దాసుడంటే ఈ పిల్లోడు. పెరుమాళ్లకోసరం అన్నం గూడా నిన్నటిదే తింటాడు!"

పిల్లనిస్తే ఇలాంటివాడికే ఇవ్వాలన్నాడు. తాతకు తెలుగు రాదు, ఈయనకు మలయాళం రాదు, ఇద్దరికీ వచ్చిన అరకొర తమిళంలో, "మీరు కొలిచేది ఎవర్ని?" అని అడిగితే, తాత "ఒక్కడినే" అన్నాడట. ఆయన మురిసిపోయాడట. అసలు సంగతి తెలిసే వేళకు అవ్వ మనసు ఖాయం చేసుకుంది. ఆమె తండ్రి ఒక రోజంతా తిన్నె మీద కూర్చొని ఆలోచించి, "పెరుమాళ్లో ఇంకోరో, శనివారమైతే నిజమే గదా" అని లేచాడట. మా వంశం ఇలా ఒక పొరపాటు మీద నిలబడింది. అందుకే కాబోలు, నేను కూడా పొరపాట్ల మీదే నిలబడి ఉన్నాను.

కొన్నేళ్లకు తాత అన్నదమ్ములు, వాళ్ల వీధి వీధంతా, ఓడెక్కి వాళ్ల దేశం వెళ్లిపోయారు. రమ్మని ఉత్తరం మీద ఉత్తరం వచ్చింది. రాగిముద్ద దొరకని దేశానికి రానని అవ్వ అంది. తాత ఉండిపోయాడు. ఎందుకు పోలేదని ఎవరడిగినా, "ఓడ కింద నీళ్లు జాస్తి. నాకు చారుకు సరిపోయేంత ఉంటే చాలు" అనేవాడు. పదిమంది మగవాళ్లు కూడితేనే చెప్పదగిన ప్రార్థనలు కొన్ని ఉన్నాయట. డెబ్భై ఏళ్లలో ఆయనకు ఆ పదిమంది కుదరలేదు. మేము ఆయన సంతానమే గానీ ఆ పదిలోకి రాము. వాళ్ల లెక్కలో అది తల్లి వైపు నుంచి రావాలి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ మా ముందు ఎత్తలేదు.

ఆయన మా మీద రుద్దింది ఒక్కటే, చూపు.

పంది గురించి అందరికీ తెలుసు. పురుగు గురించి ఎవరికీ తెలియదు. ఆయన గ్రంథంలో పాకే పురుగూ నిషిద్ధమే. పందిని తప్పించుకోవడం సులువు. దూరం నుంచే కనిపిస్తుంది, ఆకుకూర కట్టలో దాక్కోదు. పురుగు అలా కాదు. అందుకని మా ఇంట్లో ఆకుకూరను ఉప్పునీళ్లలో నానబెట్టి, ఒక్కొక్క ఆకునూ ఎండకు ఎత్తి చూసేవారు. రాగిపిండిని రెండుసార్లు జల్లించేవారు. గుడ్డును నేరుగా పెనం మీద కొట్టడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ముందు గాజు గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క లేదని చూసుకోవాలి. అవ్వ ఇవన్నీ పెళ్లైన ఏడాదిలో నేర్చుకుంది. ఆమె పోయాక మా అమ్మ, అంటే తాత పెద్దకోడలు, ఆ పనిని వంటగదితోపాటు పుచ్చుకుంది.

ఇందువల్ల నాకు జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఊళ్లో ఎవరింటా నేను నెమ్మదిగా తినలేను. పెళ్లిళ్లలో కరివేపాకును వెలుతురుకు ఎత్తి చూస్తానని నన్ను పిలవడం కూడా తగ్గించారు. ఒకసారి స్నేహితుడి ఇంట్లో వంకాయ కూరలో చూడరానిది చూశాను. వాళ్లమ్మ, "దాందేముంది నాయనా, అది తిన్నది గూడా వంకాయే గదా" అంది. ఆ తర్కానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు, వాంతి తప్ప.

చింతపండు సంగతి వేరు. చింతపండులో పురుగు, చేతులు లేకపోయినా, దాక్కోవడంలో సిద్ధహస్తురాలు. పండు రంగులో ఉంటుంది, లేదా లోపలి మడతలో తెల్లగా, బొద్దుగా, పసిపిల్ల వేలిలా ముడుచుకొని ఉంటుంది. తాత తెల్లపంచె పరిచి, ఎండకు వీపు పెట్టి కూర్చొని, ఒక్కొక్క పండునూ విప్పి, నార లాగి, మడత మడతా తెరిచి చూసేవాడు. పురుగు దొరికితే తిట్టేవాడు కాదు. "దానిది తప్పు లేదురా. అది దాని ఇంట్లో అది ఉండాది. చూడకుండా నోట్లో ఏసుకునేవాడిది తప్పు" అని దాన్ని గోటితో తీసి పక్కన పెట్టేవాడు.

మతం కోసం నేర్చిన చూపు మండీలో ఆయనకు ఉద్యోగమైంది. పెన్నాగరం నుంచీ కడత్తూరు నుంచీ బస్తాలు వస్తే, కొనేవాళ్లు ముందు ఆయన్ను పిలిచేవారు. పంచె పరుస్తాడు. బస్తాలో పైన, నడుమ, అడుగున చేయి పెట్టి తీస్తాడు. పూట గడిచిపోతుంది. చివరికి లేచి, పంచె దులిపి, ఒక్క మాట అంటాడు:

"చూసినాను."

అంతే. బాగుందనడు, బాగాలేదనడు. సరుకు మీద నమ్మకం కుదరకపోతే ఆ మాట రాదు, పంచె మడిచి నడుస్తాడు; అమ్మేవాళ్లు వెంటపడి, "పెద్దాయనా, ఒక మాట చెప్పి పో!" అని బతిమాలేవారు. నేను ఒకసారి అడిగాను, బాగుంటే బాగుందని చెప్పొచ్చు కదా అని.

"బాగుందో లేదో తినేవాడి నాలిక చెప్పాల. చూసినానా లేదా, అదొకటే నా నోట్లో నించి రావల్సింది" అన్నాడు.

ఎనభై ఆరో ఏట ఆయన కళ్లకు నీటికాసులు ముదిరాయి. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఆయన మండీకి పోలేదు. ఇంట్లో వేళ్లతో తడిమి అమ్మకు సాయం చేసేవాడు గానీ, ఆ మాట మాత్రం అనడం మానేశాడు. ఎవరైనా వచ్చి, "మీ వేలు తాకితే చాలు సామీ" అన్నా, "ఏలు ఏలే. కన్ను కన్నే" అని పంపేసేవాడు. ఆరేళ్లు ఆయన నోట ఆ మాట వినలేదు.

ఏడో ఏట మా చిన్నాయనకు ఒక ఆలోచన వచ్చింది. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. నాయన ముందే పోయాడు కాబట్టి ఇంటికి ఆయనే పెద్ద, తాతను మినహాయిస్తే. తాతను మినహాయించడం ఆయనకు అలవాటు. తమిళంలో చింతపండును 'పుళి' అంటారు, చిన్నాయన నోట్లో అది 'పులి' అవుతుంది. అందుకని ఆయన తనను తాను 'పులి వ్యాపారి' అని చెప్పుకుంటే ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలు కాస్త వెనక్కి జరిగేవారు. ఆ పులి ఇప్పుడు ప్యాకెట్లలోకి దిగదలచింది. ప్యాకెట్టు మీద తాత బొమ్మ, కింద ఆయన మాట.

ప్యాకెట్టు గీసేది నేను. నాకు బస్టాండు దగ్గర చిన్న ముద్రణ కొట్టు ఉంది. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, చచ్చినవాళ్లకు కన్నీటి అంజలి పోస్టర్లు. పుట్టినరోజుకు వాడిన ఫోటోనే కన్నీటి అంజలికీ వాడతాను. వెనక మబ్బులు మార్చితే చాలు. తెలుగులో పెళ్లిపత్రిక వేయించే ఇళ్లు ఏడాదికి రెండో మూడో. అవి కూడా ఏం రాశానో నాతోనే చదివించుకొని పోతాయి. ఇలాంటి పండితుడికి చిన్నాయన పని ఒప్పజెప్పాడు.

"బొమ్మ ఏస్తే చాలదు, చిన్నాయనా. తాత చూడాల గదా" అన్నాను నేను. ఇందులో నిజాయితీ ఏమీ లేదు. తాత ఒప్పుకోడు, నాకు పని తప్పుతుంది అనుకున్నాను.

చిన్నాయన మరుసటి పొద్దున్నే ఒక బస్తా వేయించుకొని వచ్చాడు. ఎక్కడో గోడౌన్లో రెండు కాపులు నిల్వ ఉన్న సరుకు, వాసనే చెబుతోంది. తాత తిన్నె మీద కూర్చొని ఉన్నాడు.

"నాయనా, కొంచం చూసి చెప్పు."

"కండ్లు యాడుండాయిరా నాకు?"

"నీ మనవడు ఉండాడు గదా. వాడి కండ్లు, నీ చేతి ఏళ్లు! ఇద్దరూ కలిస్తే ఒక మనిషి చూసినట్టే."

తాతను ఎవరైనా వచ్చి పని అడిగి ఏళ్లైంది. చేతులు ఒళ్లో పెట్టుకొని, వేళ్లు ఒకదానితో ఒకటి రాపాడిస్తూ ఉన్నాడు. ఆ తర్వాత నా వైపు తల తిప్పి, "పంచె పరుచు" అన్నాడు. ఆ గొంతులో ఉన్న ఉత్సాహం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

పరిచాను. ఆయన పండు విప్పుతాడు, మడత తెరిచి నా ముందుకు చాపుతాడు. "ఏముంది?"

"ఏమీ లేదు తాతా."

ఇంకొకటి. "ఏముంది?"

"ఏమీ లేదు."

మొదట చెప్పినవన్నీ నిజాలే. పైవీ నడుమవీ అయిపోయాక, అడుగు నుంచి తీసిన ఆఖరి పండులో అది కనిపించింది. ఒకటి కాదు. బూజు లాంటి తెల్లదారం అల్లుకొని, దాని కింద రవ్వలాంటి పెంట, ఆ పెంటలో రెండు పురుగులు, ఒకటి పడుకొని, ఒకటి తల ఎత్తి. తాత వేలికి అంగుళం దూరంలో. తలెత్తితే తాత వెనక నిలబడ్డ చిన్నాయన రెండు చేతులూ జోడించి, కళ్లతోనే వద్దంటున్నాడు.

ఇక్కడ నేను చిన్నాయనకు భయపడ్డానని రాస్తే నాకు గౌరవంగా ఉంటుంది. కాదు. ఎండెక్కింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. బస్తా ఇంకా ముప్పావు ఉంది. ఉందని చెబితే తాత పద్ధతి ప్రకారం బస్తా మొత్తం పంచె మీద కుమ్మరించి, మళ్లీ మొదటి నుంచి, ఒక్కొక్కటీ. సాయంత్రం దాకా ఆ తెల్లటి మెత్తటి ముఖాలను చూస్తూ కూర్చోవాలి. ఇంటికి పోయి పడుకోవాలని ఉంది నాకు. నా పాపం వెనక ఉన్నది అంతే, నిద్ర.

"ఏమీ లేదు తాతా" అన్నాను.

"సరిగా చూసినావా?"

"చూసినాను."

ఆయన మాటను ఆయన ముందే నేను వాడడం అదే మొదలు. ఆయన పంచె అంచు వెతుక్కొని, మెల్లగా లేచి, రెండు కొసలు పట్టి దులిపాడు. పురుగులు చిన్నాయన చెప్పుల దగ్గర పడ్డాయి. తాత గొంతు సవరించుకొని, ఆరేళ్ల తర్వాత, మండీలో నిలబడినట్టు నిలబడి, "చూసినాను" అన్నాడు.

చిన్నాయన కళ్లు ఒత్తుకున్నాడు. ఎందుకో నాకు తెలియదు, దుమ్ము కావచ్చు.

ప్యాకెట్టు బాగా వచ్చిందని అందరూ అన్నారు. పైన తాత నవ్వు. కింద 'తాత చూసింది' అని తమిళంలో పెద్దగా. దాని కింద, ఎవరూ చదవని తెలుగులో చిన్నగా మళ్లీ అదే. తెలుగు ఎందుకు పెట్టానంటే, నా అక్షరాల మీద నాకున్న మోజు. అబద్ధాన్ని రెండు భాషల్లో అచ్చువేసిన ఘనత ఈ తాలూకాలో నాదే కావాలి.

చిన్నాయన మా ఇంటికి ఒక పెట్టె ప్యాకెట్లు పంపాడు. డెబ్భై ఏళ్లలో మొదటిసారి మా వంటింట్లో ఒక వస్తువు చూడకుండా కుండలో పడింది. మా అమ్మది తప్పు కాదు. "నీ కండ్లతో మామే చూసిందంట గదా, దాన్ని మళ్లీ నేను చూస్తే మర్యాదేనా?" అంది. తెలుగులో పొయ్యి ఉంది, తమిళంలో 'పొయ్' అంటే అబద్ధం. మా ఇంట్లో ఆ రెండూ ఒకే చోట వెలిగాయి.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం తాతా నేనూ తింటున్నాం. రాగిముద్ద, వంకాయ పులుసు. తాత నాలుగు ముద్దలు మింగి ఆగాడు. నాలుక కొస మీది నుంచి ఏదో వేలితో తీసి, ఆ వేలిని నా వైపు చాపాడు.

"ఇదేందో చూడు."

చూశాను. ఉడికి, పాలిపోయి, ముడుచుకొని ఉంది. తల మాత్రం నల్లగా, ఆవగింజలో సగం.

"నార, తాతా."

ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నలిపాడు. డెబ్భై ఏళ్లు చింతపండు విప్పిన వేళ్లు అవి.

"నారా?"

"ఆమా తాతా. నారే."

"సరి. నువ్వు చూస్తే చూసినట్టే." దాన్ని పళ్లెం అంచున పెట్టి, మిగిలిన పులుసంతా కలుపుకొని తినేశాడు. చివరికి, "ఈ పొద్దు పులుసు బాగుందని మీ అమ్మకు చెప్పు" అన్నాడు.

నేను పెరట్లోకి పోయి కక్కుకున్నాను. తిన్నదంతా పోయింది. చెప్పింది మాత్రం లోపలే ఉంది.

ఆయనకు తెలుసనీ, నన్ను కాపాడడానికి తెలియనట్టు తిన్నాడనీ అనుకుంటే బాగుంటుంది. కథకు బాగుంటుంది, నా నిద్రకు ఇంకా బాగుంటుంది. కానీ మా తాత నాకు తెలుసు. తెలిసి ఉంటే తినడు. ఆకలితో చస్తున్నా తినడు, మనవడి పరువు కోసం అసలే తినడు. అన్నదమ్ములనూ ఓడనూ పదిమంది ప్రార్థననూ వదులుకున్నవాడు, ఈ ఒక్కటీ వదలకుండా పట్టుకున్నాడు. దాన్ని నేను ఒక పూట నిద్ర కోసం ఆయన నోట్లోనే పాడుచేశాను. ఆయన నన్ను నమ్మి తిన్నాడు. అంతే. ఇందులో వెలుగు వెతకడం కూడా రోతే.

రెండు నెలలకు, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వెనక్కి వాలి పోయాడు. ఏం చేయాలో ముందే చెప్పి ఉన్నాడు. ఆ రోజే పూడ్చాలి. తెల్లబట్ట చాలు. పూలు వద్దు, తప్పెట వద్దు, అద్దాల పెట్టె వద్దు, గోడ మీద బొమ్మ వద్దు. నాలుగింటిలో మూడు జరగకుండా ఆపగలిగాం. గోడ మీద బొమ్మ మాత్రం చిన్నాయన ఆగనివ్వలేదు. "జనం ఏమనుకుంటారురా? నువ్వు అచ్చేసేవాడివి, నీ తాతకు ఒక పోస్టరు లేదా?" అన్నాడు. వేశాను. అదే ఫోటో, అదే నవ్వు. వెనక మబ్బులు మార్చాను.

సోగత్తూరులో అవ్వ వాళ్ల చేలో, అవ్వ పక్కనే పూడ్చాం. చుట్టడానికి కొత్త బట్ట కొనబోతే అమ్మ ఆపి, లోపలి నుంచి ఆ పంచె తెచ్చింది. ఎంత ఉతికినా అంచుల్లో చింతపండు మరక పోలేదు. "ఇది ఆయన కండ్లు. ఇంకెవురికి కావాల?" అంది. నేను తల వంచుకొని పట్టాను.

మొన్న సంవత్సరీకం దగ్గరపడుతుంటే చిన్నాయన కొట్టుకు వచ్చాడు. బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కావాలట. తాత రెండు కళ్లూ పెద్దవిగా, కింద 'ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు' అని.

"నేను ఏయను చిన్నాయనా" అన్నాను.

"ఏమిరా, తాత మీద నీకు పాసం లేదా?"

"ఆయన చూడలేదు. నేను అబద్ధం చెప్పినాను. పండులో పురుగులుండె."

చిన్నాయన స్టూలు మీద సర్దుకొని, నన్ను జాలిగా చూశాడు. "తెలుసురా. నేను ఎనకాలే నిలబడి ఉంటి గదా. ఈ పొద్దు వచ్చి కొత్తగా చెప్తాడు! పురుగులేని పండు యాడుంది? ఉడికినాంక అంతా పులుసే."

"తాతకు పులుసు కాదు."

"తాత ఇప్పుడు తినేది లేదు గదా."

ఇంత చెత్త మాటకు ఎదురుగా చేతికందింది ఏదైనా విసరాలి. నా చేతికి అందింది మౌసు. తీగ ఉంది, విసిరితే నాకే తగులుతుంది. ఊరుకున్నాను. చిన్నాయన లేచి పక్క కొట్టుకు పోయాడు. ఈ సందులో ముద్రణ కొట్లు ఆరున్నాయి. నలభై నిమిషాల్లో ఫ్లెక్సీ తయారైంది. నా తిరుగుబాటు వల్ల జరిగిన మార్పు ఒక్కటే, తాత ముఖం కాస్త గులాబీరంగుకు తిరిగింది.

ఆ సాయంత్రం అమ్మకు కూడా చెప్పాను, పళ్లెం అంచున పెట్టింది నార కాదని. ఆమె జాడీ తీసుకుపోయి, ఉన్న చింతపండంతా పెరట్లో గుంట తీసి పూడ్చి, చేతులు కడుక్కొని వచ్చింది. "కండ్లు లేనాయన నన్ను ఏనాడూ మోసం చెయ్యలే. నీకు రెండుండాయి" అని, నాకు అన్నం పెట్టింది. మజ్జిగన్నం.

ఇదిగో, ఇప్పుడు ఈ కొట్టు ముందు నిలబడ్డాను. ఈగ ఆయన నుదుటి నుంచి కంటి మీదికి నడుస్తోంది. నా పక్కన సోగత్తూరు ఆమె ఒకతె, చేతిలో సంచి, దండలో ఒక ప్యాకెట్టును వేలితో తట్టి చూస్తోంది. తెలుగామె, ముఖం తెలుసు, ఇల్లు తెలియదు.

"ఏమన్నా, ఇది బాగుంటాదా? మా ఊరి పెద్దాయన బొమ్మ గదా. ఆయన చూసింటే ఇంక మనం చూసే పని లేదు."

"ఆయన చూడలేదమ్మా."

"బొమ్మ ఏసిండారే!"

"బొమ్మ ఏసింది నేను. చూస్తిని అని చెప్పిందీ నేనే. ఆయనకు కండ్లు కనపడవు అప్పుడు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, తాగి ఉన్నానేమోనని. కొట్టాయనకు మా మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా సంగతి పట్టుబడింది. "సార్, పొద్దున్నే వ్యాపారం చెడగొట్టొద్దు" అన్నాడు తమిళంలో.

ఒక ప్యాకెట్టు కొన్నాను. పంచె లేదు, అది సోగత్తూరులో మట్టి కింద ఉంది. కొట్టాయన దగ్గర పాత పేపరు అడిగి, కొట్టు మెట్టు మీద పరిచి, ఎండకు వీపు పెట్టి కూర్చున్నాను. తాత ముఖాన్ని అడ్డంగా చించి, పండు పోశాను. విప్పడం మొదలుపెట్టాను. నార లాగడం, మడత తెరవడం, చూడడం. బస్సుకు పోయేవాళ్లు ఆగారు.

"ఏమి ఎతకతా ఉండాడు?"

"ఉంగరం పడిపోయిందేమో."

"చింతపండులోనా?"

"పెండ్లాం చారు కాస్తా పడేసుకోనుంటాది."

అరగంట పట్టింది. ఒక్క పురుగు లేదు. ఒక్కటీ లేదు. మీతో నిజం చెబుతాను, నాకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. ఇన్నాళ్లు మోసిన రోతకు ఒక్క పురుగైనా సాక్ష్యం చెప్పకపోతే ఎలా? మళ్లీ చూశాను, ఉంటే బాగుండునని. అలా వెతుకుతున్న నన్ను చూస్తే నాకే వెగటు పుట్టింది. కొట్టాయన నడుం మీద చేతులు పెట్టుకొని నవ్వుతున్నాడు.

ఆమె వంగి అడిగింది. "ఏమన్నా, బాగుందా?"

"బాగుందో లేదో నీ నాలిక చెప్పాలమ్మా" అన్నాను. పేపరును ఆమె వైపు జరిపాను. "చూసినాను."

ఆమె పేపరుతో సహా పొట్లం కట్టుకొని సంచిలో వేసుకుంది. నాకు డబ్బు ఇవ్వబోయి, నా చేతులు చూసి ఆగిపోయింది. మణికట్టు దాకా గోధుమరంగు జిడ్డు, గోళ్ల కింద నల్లగా, అప్పుడే చీమలు దారి పట్టాయి.

"ఇంకా పదకొండు ఉండాయి సార్, అవీ చూసి పోతారా?" అన్నాడు కొట్టాయన ఎగతాళిగా.

"కొయ్యి" అన్నాను. "ఇంకో పేపరియ్యి."

ఆయన కత్తెరతో దండలోంచి రెండో తాతను కోసి నా చేతిలో పెట్టాడు. సోగత్తూరు ఆమె వెళ్లబోతూ నిలబడింది. చించాను. మూడో పండు, రెండో మడత. దాన్ని గోటితో తీసి, అందరికీ కనపడేటట్టు పేపరు నడుమ పెట్టాను. తెల్లగా, బొద్దుగా, ఎవరి మీదా కోపం లేకుండా, అది తన ఇల్లు వెతుక్కుంటూ పాకసాగింది.